చిన్నరైలు పాయింటువద్ద ఏల పట్టాలు తప్పును?

విజయవాడలోగాని, కాజీపేటలోగాని, గుంతకల్లులోగాని ప్లాటుఫారముమీద నిలిచి బండికొఱకు ఎదురుచూచినవారు ఒక వింతను చూచియే యుందురు. వందలకొలది టన్నుల బరువుగల రైలుబండి ఒక దారిని వచ్చుచు, స్టేషను సమీపింపగానే ప్రక్కదారిలోనికి మెల్లగా మరలి మన యెదుటికి వచ్చి నిలుచును. మోటారుకారు నడపువానికి వలె ఇంజను నడపువాని చేతిలో స్టీరింగు చక్రము లేదు. అతడు వేగమును పెంచగలడు, తగ్గింపగలడు, బండిని నిలుపగలడు, కాని త్రిప్పలేడు. దారియే బండిని త్రిప్పును. అట్లు త్రిప్పు సాధనమునకు రైల్వేవారి వాడుకలో పాయింటని పేరు. దానిని కనిపెట్టుకొని యుండు ఉద్యోగిని పాయింట్స్‌మన్ అందురు.

మా పాఠశాల శాస్త్రసంఘపు విద్యార్థులు 8 అడుగుల పొడవును 4 అడుగుల వెడల్పును గల బల్లమీద ఒక చిన్న రైలుమార్గమును నిర్మించిరి. ఒక చుట్టుదారి, దానిపై ఒక స్టేషను, స్టేషనులో ఒక లూపు లైను, లూపు రెండు కొనలను రెండు పాయింట్లు: ఇదియే దాని స్వరూపము. వార్షికోత్సవమునకు ఇంక పది దినములే యున్నవనగా బండి తూర్పు పాయింటువద్ద మాటిమాటికి పట్టాలు తప్పసాగెను. ఆ పది దినములలో విద్యార్థులును, వారితో కూడ మేమును నేర్చుకొనిన దానిని ఈ వ్యాసమున పాఠముగా వ్రాయుచున్నాము.

1. చిన్నరైలు కొలతలు

చిన్నరైలు ఆటవస్తువే యైనను కొలత లేని వస్తువు కాదు. జర్మనీదేశపు మార్క్లిన్ కంపెనీవారు 1891లో లైప్జిగు సంతయందు నిర్ణీతమైన గేజీలుగల ఆటరైళ్లను ప్రదర్శించిరి. ఇంగ్లాండునందలి లివర్‌పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన కంపెనీ 1920లో రైళ్లను అమ్మకమునకు తెచ్చెను. 1935లో అమెరికాలోని మిల్వాకీ పట్టణమున చిన్నరైళ్లయం దభిరుచిగలవారు కూడి నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అను సంఘము నేర్పఱచుకొనిరి. ఆ సంఘము చక్రములకును పట్టాలకును పొత్తు కుదురునట్లు కొలతలను నిర్ణయించెను. ఒక కర్మాగారమున చేసిన పెట్టె మఱొక కర్మాగారపు పట్టాలమీద నడచుటకు ఇట్టి నిర్ణయములే ఆధారము.

మా బండి హెచ్‌ఓ అను తరగతికి చెందినది. అనగా అసలు బండిలో 87వ వంతు. దాని రెండు పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటరులు. దీనిని 87చే గుణించినచో 1435 మి.మీ. వచ్చును. ఇది ప్రపంచమున పెక్కు దేశములలో వాడుకలోనున్న గేజి. మన హైదరాబాదు మెట్రోయును ఈ గేజీపైననే నడచును. మన రైల్వేవారి బ్రాడ్ గేజి 1676 మి.మీ. దానిని 87చే భాగించిన 19 మి.మీ.లకు మించును. కావున మా చిన్నబండి మన బ్రాడ్ గేజి బండికి సరియైన ప్రతిరూపము కాదని మా యెనిమిదవ తరగతివారు లెక్కచేసి కనిపెట్టిరి.

అన్నిటిని సమముగా 87వ వంతునకు తగ్గించుట సాధ్యము కాదు. మన బ్రాడ్ గేజి మార్గములలో మిక్కిలి బిగువైన వంపునకు వ్యాసార్ధము 175 మీటరులు. దానిలో 87వ వంతు 2 మీటరులు. మా బల్లమీద వంపుల వ్యాసార్ధము 46 సెంటీమీటరులు మాత్రమే! అసలు దారిలో ఎన్నడును అనుమతింపని వంపులో మేము మా బండిని త్రిప్పుచున్నామన్నమాట. కావున చిన్నబండి పెద్దబండికంటె సుళువుగా పట్టాలు తప్పుటలో ఆశ్చర్యము లేదు. చిన్నది గదా యని అశ్రద్ధ చేయరాదు. చిన్నది కావుననే ఎక్కువ శ్రద్ధ కావలెను.

2. పాయింటులోని భాగములు

రోగి శరీరములోని భాగములు తెలియని వైద్యుడు రోగమును తెలిసికొనలేడు. కావున ముందు భాగములను చెప్పెదము.

రైలుచక్రము లోపలివైపున గట్టువలె పైకి లేచియుండు అంచును ఫ్లాంజి యందురు. చక్రమును పట్టామీదనుండి ప్రక్కకు జాఱనీయక కాపాడునది ఇదియే. హెచ్‌ఓ చక్రపు ఫ్లాంజి యెత్తు ఒక మిల్లీమీటరైనను ఉండదు. బండి క్షేమమంతయు ఆ గోరంచు పాటి గట్టుపై నాధారపడియున్నది.

పాయింటు మొదట బయటివైపున రెండు కదలని పట్టాలుండును. వీనిని స్టాకు పట్టాలందురు. వీని లోపల కొన సన్నగా చెక్కబడిన రెండు కదలు పట్టాలుండును. నాలుకవలె నుండుటచే వీనికి టంగు పట్టాలని పేరు. రెండు టంగులను ఒక అడ్డుకడ్డీ కలిపియుంచును. కడ్డీని జరిపినప్పుడు ఒక టంగు తన స్టాకు పట్టాను అంటుకొనును. రెండవది తన స్టాకు పట్టానుండి దూరమగును. అంటుకొనిన టంగు వెంట చక్రము నడచి బండిని తిన్ననిదారికిగాని లూపుదారికిగాని కొనిపోవును.

కొంతదూరము పోయిన పిమ్మట ఒక దారి కుడిపట్టాయు రెండవదారి యెడమపట్టాయు ఒండొంటిని ఖండించును. ఆ చోటు క్రాసింగు. అందు కత్తిమొనవలె నున్న దానిని క్రాసింగు ముక్కు అందురు. ముక్కునకు ఇరుప్రక్కల ఫ్లాంజి దూఱిపోవుటకు సందులు విడిచియుందురు. సందునకు అవతలివైపున ముక్కును కాచుచుండు పట్టాలను వింగు పట్టాలందురు. ఆ సందుల వద్ద చక్రమునకు కొంతమేర ఆధారముండదు. తప్పుదారి పట్టుటకు అవకాశము కలదు. దానిని వారించుటకై ఎదుటి పట్టాప్రక్కన చెక్ పట్టా యను ఒక తుంటపట్టాను బిగింతురు. అది అవతలి చక్రపు వీపును పట్టుకొని, ఇవతలి చక్రము ముక్కును గ్రుద్దుకొనకుండ లాగియుంచును. ఎద్దు చేనిలో నోరుపెట్టకుండ పలుపు పట్టి లాగిన రైతువంటిది ఈ చెక్ పట్టా.

బండి టంగు కొనలవైపునుండి వచ్చినచో పాయింటునకు ఎదురుగా వచ్చినదందురు. క్రాసింగువైపునుండి వచ్చినచో వెనుకగా వచ్చినదందురు. టంగు కొనలలోని దోషములు ఎదురుగా వచ్చినప్పుడే హెచ్చుగా బయటపడును.

3. తొందరపాటు తీర్పు

తూర్పు పాయింటును అమర్చినవాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. నెమ్మదస్థుడు, మాట తక్కువ. బండి మూడుసార్లు వరుసగా పడిపోగానే తోటివారందఱు వానిమీద విఱుచుకుపడిరి. పాయింటు వంకరగా పెట్టినాడని యొకడు, టంగులను ఆకురాయితో ఎక్కువ గీచి పాడుచేసినాడని యొకడు, మొదటినుండియు ఆ పని వానికీయవద్దని తాను చెప్పియుంటినని యింకొకడు. పాయింటునే పెఱికివేసి క్రొత్తది తెప్పింపవలెనని తీర్మానము కూడ జరిగెను. ఆ బాలుడు కన్నీరు నిలుపుకొనుచు, "మాష్టరుగారూ, నేను కొలిచియే పెట్టితినండి" అని మాత్రము చెప్పగలిగెను.

నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున మా మనసు కూడ వానివైపు లేదు. పడిన చోటు పాయింటే. పాయింటు పెట్టినవాడు వాడే. ఇంక విచారణ యెందులకని మాకును తోచెను. కాని విజ్ఞానశాస్త్రమును బోధించువారము. బల్లమీద ఒక న్యాయమును, పుస్తకమున మఱొక న్యాయమును చెప్పరాదు గదా! కావున, "పాయింటును ఎవరును ముట్టుకొనవలదు. మొదట చూతము, వ్రాసికొందము, కొలుతము. ఆ తరువాతనే తీర్పు" అని చెప్పితిమి. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకొనిన సామెత యుండనే యున్నది.

4. చూచుట, వ్రాసికొనుట

పట్టాలు తప్పిన వెంటనే చేయి పెట్టి బండిని లేవనెత్తుట అందఱును చేయు తప్పు. సాక్ష్యమంతయు ఆ బండి పడియున్న తీరులోనే యుండును. దానిని కదల్పక ముందు అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

ఒకటి: పాయింటులో ఏ చోట తప్పినది? టంగు కొనవద్దనా, నడుమనా, క్రాసింగువద్దనా? రెండు: ఏ పెట్టె మొదట తప్పినది? మూడు: ఆ పెట్టెలో ఏ చక్రములు? నాలుగు: బండి ఎదురుగా వచ్చుచుండెనా, వెనుకగానా? అయిదు: తిన్ననిదారిని పోవుచుండెనా, లూపులోనికా?

కంటిని బల్లయెత్తునకు దించి, పెట్టెను చేతితో మెల్లగా నెట్టి చూచిన, ఇంజను లాగునప్పుడు కనబడని దెంతయో కనబడును. చేతిఫోనులో వేగము తగ్గించి చూపు చిత్రము తీసిన మఱియు మేలు. మా విద్యార్థులు బండిని మెల్లగా 20 మాఱులు లూపులోనికి నడిపి, ప్రతి పర్యాయమును పలకమీద గీత గీచి, అయిదు ప్రశ్నలకు జవాబులు వ్రాసిరి. ఇరువదింట తొమ్మిదిమాఱులు బండి పట్టాలు తప్పెను. అందు ఎనిమిదిమాఱులు క్రాసింగు ప్రక్కనున్న చెక్ పట్టావద్ద; ప్రతిసారియు మూడవ పెట్టె; ప్రతిసారియు దాని ముందు బోగీ మొదటి చక్రముల జత. ఒక్కసారి మాత్రము టంగు కొనవద్ద వేఱొక పెట్టె తప్పెను.

పలకను చూడగానే గది నిశ్శబ్దమయ్యెను. పాయింటే వంకరయైనచో అన్ని పెట్టెలును తప్పవలెను గదా! మూడవదే యేల తప్పవలెను? ఇందు మొదటి సూత్రము దొరకినది: అన్ని పెట్టెలును ఒకేచోట తప్పిన దోషము పట్టాలది, ఒకే పెట్టె పలుచోట్ల తప్పిన దోషము ఆ పెట్టెది, ఒకే పెట్టె ఒకేచోట తప్పిన రెంటిని కొలువవలెను.

5. కొలుచుట

చక్రములను కొలుచుటలో ముఖ్యమైనది ఒక ఇరుసుపైనున్న రెండు చక్రముల వీపుల నడుమ దూరము. హెచ్‌ఓ చక్రములలో ఇది 14.4 మి.మీ. ప్రాంతమున నుండవలెను. మన బ్రాడ్ గేజి బండ్లకును ఇట్టి కొలత 1600 మి.మీ.లుగా విధింపబడియున్నది. మా భౌతికశాస్త్రపు గదిలోని వెర్నియర్ కాలిపరుతో కొలువగా, మూడవ పెట్టె ముందు బోగీ మొదటి జతలో ఆ దూరము 13.8 మి.మీ. మాత్రమే యుండెను. మిగిలిన అన్ని చక్రములును 14.4 చూపినవి. ఆ యొక్క జతలో చక్రమొకటి ఇరుసుపై లోపలికి జరిగియున్నది.

ఆఱు దశాంశముల తేడాకు బండి పడునా యని సందేహింపవచ్చును. లెక్క చేసి చూతము. పట్టాల నడుమ దూరము 16.5. చెక్ పట్టాకును దాని ప్రక్క పట్టాకును నడుమ సందు మా పాయింటులో 1.2, వింగు పట్టావద్ద సందును 1.2. రెండు సందులను తీసివేసిన 14.1 మి.మీ. మిగులును. అనగా చెక్ పట్టాయు వింగు పట్టాయు కలిసి 14.1 మి.మీ. వెడల్పుగల ఒక గోడవలె నిలిచియున్నవి. చక్రముల జత ఆ గోడకు ఇరుప్రక్కల కాళ్లు వేసి నడువవలెను. 13.8 వెడల్పుగల కాళ్లు 14.1 వెడల్పుగల గోడ కిరువైపుల నెట్లు పట్టును? కావున ఫ్లాంజి చెక్ పట్టా పైకి ఎక్కి, దొర్లి, క్రిందపడుచున్నది.

అట్లని దూరము ఎక్కువైనను మంచిది కాదు. ఫ్లాంజి మందము సుమారు 0.75 మి.మీ. చెక్ పట్టానుండి క్రాసింగు ముక్కునకు దూరము 16.5లో 1.2 తీసివేయగా 15.3. ఒక చక్రపు వీపునుండి రెండవ చక్రపు ఫ్లాంజి బయటిముఖమువఱకు గల దూరము దీనికి మించినచో ఫ్లాంజి ముక్కును గ్రుద్దుకొనును. 15.3లో 0.75 తీసివేసిన 14.55. కావున మా పాయింటులో చక్రములు క్షేమముగా దాటుటకు వీపుల దూరము 14.1కి మించియు, 14.55కి లోబడియు నుండవలెను. అర మిల్లీమీటరుకంటె తక్కువ స్వేచ్ఛ!

ఆ పెట్టె మామూలు పట్టాలమీద ఏల పడలేదని మీ రడుగవచ్చును. అక్కడ చెక్ పట్టా లేదు. ఇఱుకు చక్రములు 16.5 మి.మీ. దారిలో కొంచెము వదులుగా అటునిటు కదలుచు నడచిపోవును. దోషము ఎప్పుడును ఉన్నదే. దానిని బయటపెట్టినది మాత్రము పాయింటు. ఇది యీ పాఠములో ముఖ్యమైన మాట: పడిన చోటు వేఱు, చెడిన చోటు వేఱు కావచ్చును.

ఒక పెద్ద విద్యార్థి ఆ చక్రమును వ్రేళ్లతో పట్టి మెల్లగా మెలిపెట్టుచు ఇరుసుపై బయటికి జరిపి 14.4కు తెచ్చెను. పాయింటును ఎవరును ముట్టుకొనలేదు. మరల 20 మాఱులు నడిపిరి. చెక్ పట్టావద్ద ఒక్కసారియైనను పడలేదు.

6. మిగిలిన దోషము

కాని ఆ ఇరువదింట రెండుమాఱులు బండి టంగు కొనవద్ద తప్పెను. ఒకమాఱు ఇంజను, ఒకమాఱు రెండవ పెట్టె. ఈసారి దోషము పట్టాలదేయని సూత్రము చెప్పుచున్నది. నిందలు మరల ఆ బాలునివైపు తిరుగుట చూచి, పరీక్షను వానిచేతనే చేయించితిమి.

టంగు స్టాకు పట్టాను చక్కగా అంటుకొనుచున్నదా యని చూచుటకు సులభమైన ఉపాయము కలదు. పలుచని కాగితపు ముక్కను రెంటి నడుమ పెట్టి పాయింటును మార్చి, కాగితమును మెల్లగా లాగవలెను. బిగువుగా పట్టుకొనిన మంచిదే, జాఱివచ్చిన సందున్నదన్నమాట. ఆ సందులో ఫ్లాంజి కొన దూఱి, చక్రమొక దారిని, తోడిచక్రము వేఱొక దారిని పోవును. వాడు అయిదుమాఱులు లాగి చూచెను. మూడుమాఱులు కాగితము బిగువుగా నుండెను, రెండుమాఱులు జాఱివచ్చెను.

అప్పుడు భూతద్దము తెచ్చి చూడగా, టంగు జాఱు స్లీపరుమీద ఆవగింజలో సగముండు ఎండిన జిగురు బెడ్డయొకటి కనబడెను. టంగు ఒక్కొక్కప్పుడు దానిని దాటి పోవును. ఒక్కొక్కప్పుడు దానిపై నిలిచిపోవును. ఆ బెడ్డ ఎక్కడిది? ముందటి శనివారము సాయంకాలము, విద్యార్థులందఱు ఇండ్లకు పోయినపిమ్మట, దారి అందముగా కనబడవలెనని పట్టాల నడుమ సన్నని కంకర చల్లి, నీళ్లు కలిపిన తెల్లజిగురు చుక్కలు చుక్కలుగా పోసినవారము మేమే. టంగులను కాగితముతో కప్పి పోయవలసినది, తొందరలో కప్పలేదు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మేము పిల్లలకు ఎన్నిమాఱులో చెప్పియుందుము. ఆనాడు అది మాకే తగిలెను. మఱునాడు శాస్త్రసంఘపు విద్యార్థులందఱి యెదుట, బాలుడు పెట్టిన పాయింటు కొలతకు సరిగా నున్నదనియు, ఒక దోషము పెట్టెదనియు, రెండవది మా చేతిపనియనియు చెప్పితిమి. వాడు తల వంచుకొని నవ్వెను. పెఱికివేయవలెనన్నవారే టంగు క్రింద గీచి శుభ్రము చేయుటకు పుల్లను చెక్కి తెచ్చిరి. పిమ్మట నడిపిన 20 మాఱులలో బండి ఒక్కసారియు పట్టాలు తప్పలేదు.

7. ఇతర కారణములు

మా బండికి రెండు కారణములే దొరకినను, చిన్నరైలు నడపువారికి ఎదురగు కారణములు మఱికొన్ని కలవు. వానిని చోటునుబట్టి చెప్పెదము.

టంగు కొనవద్ద: కొన మొద్దుగానున్నను, స్టాకు పట్టాకంటె ఎత్తుగానున్నను ఫ్లాంజి దానిని ఎక్కును. సన్నని ఆకురాయితో కొన పైభాగమును కొంచెము వాలుగా రుద్దిన చాలును. రెండుమాఱులు రుద్ది ఒకమాఱు పరీక్షింపవలెను. తీసిన లోహము తిరిగిరాదు. అడ్డుకడ్డీ స్ప్రింగు బలహీనమైనను టంగు సగములో నిలుచును.

నడుమ: పాయింటు క్రింద బల్ల ఎగుడుదిగుడై, ఒక మూల లేచిన, పెట్టెలో నాలుగు మూలల చక్రములు ఒకేసారి పట్టాలనంటవు. అంటని చక్రపు ఫ్లాంజి వంపులో జాఱును. చిన్న గాజుపలకను పట్టాలమీద పరచి నాలుగు మూలలను వ్రేలితో నొక్కి చూడుడు. ఊగినచో దారి మెలిపడినది. పలుచని అట్టముక్కను స్లీపర్ల క్రింద దూర్చి సరిచేయవలెను. పట్టాల అతుకువద్ద ఒక కొన ఎత్తుగానున్నను ఇదే ఫలము. పాయింటునకు సరిగా ముందు వ్యతిరేకదిశలో వంపు ఉండరాదు. నడుమ ఒక పెట్టె పొడవైనను తిన్ననిదారి విడువవలెను.

క్రాసింగువద్ద: చెక్ పట్టా సందు ఎక్కువైన అది చక్రమును తగినంత లాగలేదు, ఫ్లాంజి ముక్కును గ్రుద్దును. చెక్ పట్టా లోపలిముఖమునకు పలుచని ప్లాస్టికు ముక్కను అంటించిన సందు తగ్గును. పెద్దరైలులో ఈ సందు 44 మి.మీ.లు మొదలు, అందు 87వ వంతు అర మిల్లీమీటరు. చిన్నరైలులో అంతకు రెట్టింపునకుపైగా సందు విడువక తప్పదు. కావుననే చిన్నచక్రము క్రాసింగు సందులో కొంచెము దిగి కుదుపునిచ్చును. చిన్న కుదుపు దోషము కాదు.

పెట్టెలో: మిక్కిలి తేలికయైన పెట్టె నిలకడగా నడువదు. పైని చెప్పిన అమెరికా సంఘమువారి సలహా ప్రకారము హెచ్‌ఓ పెట్టెకు మొదట 1 ఔన్సు, పిమ్మట పొడవులో ప్రతి అంగుళమునకు అర ఔన్సు చొప్పున బరువుండవలెను. తొమ్మిదిన్నర అంగుళముల పెట్టెకు అయిదుముప్పాతిక ఔన్సులు, అనగా సుమారు 163 గ్రాములు. బరువును నేలకు దగ్గఱగా పెట్టవలెను. బోగీలు బిగుసుకొనిన పెట్టె వంపులో తిరుగలేదు. మిక్కిలి వదులైన ఊగిపోవును. ఒక బోగీని ముందువెనుకలకు మాత్రమే ఊగునట్లు కొంచెము బిగించి, రెండవదానిని అన్నివైపుల కదలనీయుట మంచిది. అప్పుడు పెట్టె మూడు చోట్ల ఆనిన ముక్కాలిపీట వలె నిలుచును. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీదను గునియదని మన ఇండ్లలో అందఱికిని తెలిసినదే. చివరగా, క్రిందికి వ్రేలాడు కప్లింగు పాయింటులో తగులుకొని పెట్టెను లేపివేయును.

8. పెద్దరైలుకడ

ఇదంతయు ఆటయే గదా యనువారికి ఒక మాట. ఇంగ్లాండులో కంబ్రియా మండలమునందలి గ్రేరిగ్ అను చోట 2007వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి, గంటకు సుమారు 150 కిలోమీటరుల వేగముతో పోవుచున్న ప్రయాణికుల బండి ఒక పాయింటుమీద పట్టాలు తప్పెను. ఒక ప్రయాణికురాలు మరణించెను; అనేకులు గాయపడిరి. విచారణలో తేలినదేమనగా, టంగు పట్టాలను తగిన దూరమున పట్టియుంచు కడ్డీలును వాని బిగింపులును సడలి విఱిగినవి. అంతకు ముందటి ఆదివారము జరుగవలసిన తనిఖీ జరుగలేదు. బండిలో లోపము లేదు. డ్రైవరు తప్పు లేదు. ఎవరును చూడని చోట కొన్ని మరలు వదులైనవి.

మన రైల్వేలలో మోటారుతో తిరుగు పాయింటును పరీక్షించునప్పుడు, టంగు కొననుండి 150 మి.మీ. దూరమున 5 మి.మీ. మందముగల ముక్కను టంగునకును స్టాకు పట్టాకును నడుమ అడ్డుపెట్టుదురు. అప్పుడు పాయింటు తాళము పడరాదు. పడినచో ఆ పాయింటును సరిచేయవలసినదే. మేము కాగితపు ముక్కతో చేసిన పరీక్షకు ఇది అన్నగారివంటిది. 5 మి.మీ.లలో 87వ వంతు 0.06 మి.మీ.; మామూలు కాగితపు మందముకంటెను తక్కువ. మా జిగురు బెడ్డ దానికి ఎన్నోరెట్లు పెద్దది!

9. గోడమీద వ్రాసిన నియమములు

మా శాస్త్రసంఘపు గది గోడమీద విద్యార్థులు తమ చేతులతో వ్రాసి అంటించిన నియమములతో ఈ పాఠమును ముగించెదము.

1. పడిన బండిని వెంటనే లేవనెత్తకుము. అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాయుము.
2. ఒకమాఱు పడుట యాదృచ్ఛికము కావచ్చును. ఇరువదిమాఱులు నడిపి లెక్కించుము.
3. దోషము పట్టాలదో పెట్టెదో మొదట విడదీయుము.
4. కంటితో చూచి తీర్పు చెప్పకుము, కొలిచి చెప్పుము.
5. మొదట శుభ్రము చేయుము; పిమ్మట సర్దుము; ఆకురాయి పట్టుట చివర.
6. ఒకసారికి ఒకటే మార్పు చేయుము. రెండు మార్పులు ఒకేసారి చేసిన, ఏది బాగుచేసినదో తెలియదు.
7. మనుష్యునిమీద నింద వేయుటకు ముందు నీ చేతిపనిని పరీక్షించుము.

ఏడవ నియమమును ఎవరు చేర్చిరని మే మడుగలేదు. ఆ నియమము వ్రాసిన అక్షరములు మాత్రము తూర్పు పాయింటును అమర్చిన బాలునివి. వార్షికోత్సవమునాడు బండి లూపులోనికి పోయి మరల చుట్టుదారికి వచ్చుచు సాయంకాలమంతయు తిరిగెను. వాడు మీటవద్ద కూర్చుండి పాయింటు మార్చుచుండెను. మేము ప్రక్కన నిలిచి చూచుచుంటిమి.